వెలగని కొమ్మ

"పేషెంటు పేరు నువ్వు చదివావేంటి మెరీమ్? కోసే ముందు పేరు పైకి చెప్పాల్సింది కోసేవాళ్ళు కదా."

"అక్కే చదవమంది బాబాయ్."

"అక్క నోట్లో ఏం పెట్టుకుంది?"

"నోటికి మాస్కు పెట్టుకున్నాను కాదిర్ బాబాయ్. మీరు బీపీ చూసుకోండి."

ఆదివారం మధ్యాహ్నం, బిష్కెక్‌లో ఒక ఆసుపత్రి. బల్ల మీద పుర్రె తెరిపించుకుని పడుకున్నవాడు కొండల్లో తుయుక్ అనే ఊరివాడు, పేరు కుబాత్. మెదడులో రక్తనాళం ఒకటి బుడగలా ఉబ్బి కాస్త చిట్లింది. మైక్రోస్కోపు దగ్గర సర్జన్ చోల్పొన్, ఆమె పక్కన నర్సు మెరీమ్. మత్తు యంత్రం దగ్గర కూర్చున్న కాదిర్ ఇవాళో రేపో రిటైరయ్యే మనిషి, నోరు ఊరుకోని మనిషి కూడా. పొద్దుట్నుంచీ చోల్పొన్ మాటల్లో ఏదో తేడా ఉందని ఆయనకి అనిపిస్తూనే ఉంది.

"బీపీ బుద్ధిగానే ఉంది తల్లీ. బుద్ధి లేనిది పేషెంటుకే. ట్రాలీ ఎక్కించేటప్పుడు ఏమన్నాడో విన్నావా?"

"నేను విన్నాను బాబాయ్. 'మగ డాక్టర్లంతా చచ్చారా, ఆడది నా తల కోస్తుందా' అన్నాడు."

"మగ డాక్టరు సరస్సు ఒడ్డున పెళ్ళి విందులో కూర్చుని గొర్రె తల కోసి పంచుతున్నాడు. పెద్దరికం కదా. ఆయన వంతుకి ఆ తల, నీ వంతుకి ఈ తల. ఏం చేస్తాం."

"సక్షన్ గొట్టం కొంచెం ఇటు. ఇంకొంచెం. అదిగో, కనపడింది బుడగ."

"ఎంతుంది?"

"ఎండుద్రాక్షంత. పల్చగా ఉంది. లోపల రక్తం సుడి తిరగడం కనపడుతోంది."

"ముట్టుకుంటే పగిలేలా ఉందన్నమాట."

"అక్కా, బయట బెంచీ మీద కూర్చున్న ఆ పిల్లని చూశావా? ఒక కన్ను వాచి మూసుకుపోయింది."

"ఎవరా పిల్ల మెరీమ్?"

"వీడి పెళ్ళాం బాబాయ్. రెండోదో మూడోదో. కొరడా పెట్టి కొడుతూ కొడుతూ మధ్యలో తల పట్టుకుని కూలబడ్డాడట. ఈ పిల్లే ఎవరి ట్రక్కో మాట్లాడి ఎక్కించుకొచ్చింది."

"తన్నులు తిన్నదే మోసుకొచ్చిందా."

"'అక్కా, బతుకుతాడా' అని అడిగింది నన్ను. బతకాలని అడిగిందో వద్దని అడిగిందో నాకు తెలీలేదు."

"ఏం చెప్పావు?"

"డాక్టరు మంచిది అని చెప్పాను."

"మాటలు తగ్గించు మెరీమ్. క్లిప్పు ఇవ్వు. అది కాదు, వంపు తిరిగినది."

"ఇదిగో అక్కా."

"వేస్తున్నా. బుడగ మెడ దొరికింది... మూసుకుంది. డై ఇవ్వండి బాబాయ్."

"ఇస్తున్నా. లైట్లు తీసెయ్ మెరీమ్. మా కాలంలో ఈ పచ్చ డైలు, ఈ మెరుపులు ఏవీ లేవు. క్లిప్పు వేసి, దేవుడా నీదే భారం అని పుర్రె మూసేవాళ్ళం. ఏ నాళం బతికిందో ఏది చచ్చిందో పేషెంటు లేచాక తెలిసేది. ఇప్పుడు చూడు, నరంలోకి ఇంత డై పోస్తే చాలు, రక్తం ఎక్కడెక్కడ పారుతోందో అంతా స్క్రీను మీద తెల్లగా వెలుగుతుంది."

"వస్తోంది."

"వచ్చింది. పెద్ద నాళం వెలిగింది. బుడగ చీకటిగానే ఉంది, శభాష్. కింది కొమ్మ వెలిగింది. పై కొమ్మ... పై కొమ్మ ఏది?"

"..."

"చోల్పొన్, పై కొమ్మ వెలగలేదు."

"చూశాను."

"నీ క్లిప్పు దాన్ని కూడా పట్టేసింది."

"చూశానన్నానుగా."

"చూస్తే కదలవేం? అది ఎక్కడికి పోతుందో నీకు నేను చెప్పాలా? మాట పుట్టే చోటుకి పోతుంది. ఇలాగే వదిలేస్తే వీడు లేచాక మూగవాడు."

"మూగవాడు."

"ఏంటా నవ్వు?"

"నేను నవ్వలేదు."

"మాస్కు వెనక నవ్వు నాకు తెలుస్తుంది తల్లీ. జీవితమంతా మాస్కుల మొహాలే చూశాను. క్లిప్పు తియ్యి."

"మెరీమ్, లైట్లు వెయ్యి. బాబాయ్, బీపీ దించండి."

"ముందు నాకో మాట చెప్పు. వీడి పేరెందుకు పలకలేదు?"

"బీపీ దించండి."

"మా ఆవిడ సంగతి నీకు తెలుసు కదా. మా నాన్న పేరు తెమిర్, ఇనుము. పెళ్ళయి పిల్లలకి పిల్లలు పుట్టినా ఆవిడ నోట ఇప్పటికీ ఇనుము అనే మాట రాదు. 'ఆ నల్లది ఇటు తెండి' అంటుంది. కోడలు మామగారి పేరు పలకదు, బావగారి పేరు పలకదు. నువ్వేమో పెళ్ళి కాలేదంటావు. మరి ఈ దిక్కుమాలిన వాడి పేరు నీ నాలుక మీదికి ఎందుకు రావట్లేదు? పెళ్ళిలో ఉన్న పెద్దాయనకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యండి. గొర్రె తల పక్కన పెట్టి రమ్మనండి."

"చోల్పొన్."

"వీడు నాకు బావగారు."

"అక్కా..."

"నువ్వు సక్షన్ చూడు మెరీమ్. చెయ్యి కదలనివ్వకు."

"పెళ్ళెప్పుడయింది నీకు?"

"కాలేదు. చేశారు. మెడికల్ కాలేజీ రెండో ఏడు. బస్సు దిగి నడుస్తుంటే కారు ఆపారు, వీడూ వీడి తమ్ముడూ ఇంకెవరో ఇద్దరూ. తమ్ముడికి పిల్ల కావాలి. నన్ను కారులో పడేసి వీడు నా మీద కూర్చున్నాడు. అరిస్తే మోచేత్తో మూతి మీద పొడిచాడు. ఈ ముందు పళ్ళు రెండూ పెట్టుడు పళ్ళు."

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు కదే."

"వీడి అమ్మ తెల్ల రుమాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, అది తలకి కడితే పెళ్ళయిపోయినట్టే. తలకి కడుతుంటే పీకి పారేశాను. మళ్ళీ కట్టింది, మళ్ళీ పీకాను. వీడు నా జుట్టు చేతికి చుట్టుకుని నేలకి వంచాడు. అప్పుడు కట్టింది. తరవాత ఒకరోజు వీడిని కావాలనే పేరు పెట్టి పిలిచాను. కొరడా తీశాడు. మళ్ళీ పిలిచాను. మళ్ళీ కొట్టాడు. వీపు మీద తోలు లేచేదాకా పిలుస్తూనే ఉన్నాను. ఆ తరవాత గొంతులోంచి రాలేదు. ఇవాళ చీటీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను బాబాయ్, పేరు కళ్ళకి కనపడుతోంది, నోరు తెరిస్తే వీపు మండుతోంది."

"ఎలా బయటపడ్డావు?"

"ఆ చలికాలమే పారిపోయాను. మంచులో పడి మా ఇంటికి పోయాను. నాన్న గడియ తీయలేదు. 'అత్తింటి గడప దిగొచ్చినది నా కూతురు కాదు' అన్నాడు తలుపవతల నుంచి. అమ్మ ఏడుస్తూనే ఉంది, గడియ మీద చెయ్యి మాత్రం ఆయనది. మా ఊరి టీచరమ్మ లోపలికి రానిచ్చి, మర్నాడు బిష్కెక్ బండి ఎక్కించింది. లేకపోతే ఆ గుమ్మంలోనే పోయేదాన్ని."

"కన్నతండ్రి."

"పరువు బాబాయ్. ఊళ్ళో తల ఎత్తుకోవాలట."

"అంతటితో వీళ్ళు ఊరుకున్నారా?"

"ఎందుకు ఊరుకుంటారు? ఒక పిల్ల పోతే ఇంకో పిల్ల లేదా. మా చెల్లెలు బెగిమాయ్‌ని ఎత్తుకుపోయారు, నా బదులు. నేనిక్కడ అనాటమీ చదువుకుంటున్నాను, అదక్కడ నా తన్నులు తింటోంది."

"ఇక చాల్లే తల్లీ, చెప్పకు."

"మీరే కదా అడిగారు, వినండి. మరుసటి చలికాలం అది కనపడకుండా పోయింది. వాగు మీద మంచు విరిగి లోపల పడిపోయిందన్నాడు వీడు. శవం లేదు. కోర్టుకి లాగాను. జడ్జి అడిగాడు. మా అమ్మ అందరి ముందూ వీడి కాళ్ళు పట్టుకుని అడిగింది, 'నా పిల్లని ఎక్కడ పెట్టావో చెప్పు నాయనా, శిక్ష కూడా వద్దు' అని. వీడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నోరు విప్పలేదు. శవం లేదు కాబట్టి కేసు లేదన్నారు."

"మీ అమ్మ ఉందా?"

"ఉంది. గురువారం వస్తే చాలు, ఊరంతా పోయినవాళ్ళ కోసం నూనెలో పిండి వేయిస్తుంది కదా, ఆ వాసనే వాళ్ళకి అన్నమని. మా అమ్మ ఒక్కతే పొయ్యి వెలిగించదు. వేయిస్తే బెగిమాయ్ చచ్చిపోయిందని ఒప్పుకున్నట్టేనట. వేయించమని నాన్న మొదట్నుంచీ పోరు పెడుతూనే ఉన్నాడు. బెగిమాయ్ పోయిన ఆ వారం అమ్మ మా మామయ్య సంవత్సరీకానికి వాళ్ళ ఊరెళ్ళింది. తిరిగొచ్చి కోటన్నా విప్పలేదు, పిల్ల కనపడట్లేదని నాన్న కబురు చెప్పి, అదే నోటితో 'ఇవాళ గురువారం, పిండి కలుపు' అన్నాడట. అమ్మ పిండి డబ్బా నేలకేసి కొట్టింది."

"మగాళ్ళు తొందరగా ఒప్పేసుకుంటారు తల్లీ. వెతకడం చేతకాక."

"అమ్మా అలాగే అంది."

"ఇదిగో, నేను ముసలాణ్ణి, సూటిగా అడుగుతాను. కోర్టులో విప్పని నోరు కదా, శాశ్వతంగా మూసేద్దామనుకుంటున్నావా? నువ్వు క్లిప్పు తియ్యకపోతే అడిగే నాథుడు లేడు. ఆ చీకటి కొమ్మని చూసింది మనం ముగ్గురమే. కానీ నేను చూశాను."

"మీకంటే ముందు నేను చూశాను. బీపీ దించమని రెండుసార్లు అడిగాను. దించారా? దించకుండా క్లిప్పు తీస్తే బుడగ పగిలి ఛస్తాడు. అందుకని ఆగాను. మీరేమో పేరు ఎందుకు పలకలేదని పంచాయితీ పెట్టి కూర్చున్నారు. నన్ను హంతకురాలిని చేసేశారు, ఆ కొమ్మ ఎండిపోతుంటే."

"దించుతున్నా. దించుతున్నా తల్లీ. నాదే తప్పు. దిగుతోంది... ఇక తియ్యి."

"తీస్తున్నా. కొంచెం... కొంచెం వదిలింది..."

"అక్కా, రక్తం."

"పగిలింది. సక్షన్. పెద్దది, మెరీమ్, పెద్దది."

"ఏం కనపడట్లేదక్కా, అంతా ఎర్రగా..."

"నాకూ కనపడట్లేదు. రెండో చేత్తో ఇంకోటి పట్టుకో. లోపలికి. ఇంకా లోపలికి."

"చిమ్ముతోంది అక్కా, కళ్ళజోడు మీద పడింది."

"పడనీ. తుడుచుకోకు. చెయ్యి తీశావంటే ఆ చెయ్యి నరికేస్తాను. బాబాయ్, ఇంకా దించండి."

"ఇంకా దించితే గుండె ఆగుతుంది."

"దించకపోతే మనిషే ఆగుతాడు. దించండి."

"వీడి రాత ఇంతే అనుకో తల్లీ. నువ్వు చెయ్యగలిగింది చేశావు, పోయేవాణ్ణి పోనీ."

"పోనివ్వను. వీణ్ణి ఇవాళ చావనివ్వను. ఒరేయ్, వినపడుతోందా, చావకు. నా చేతుల్లో చచ్చావంటే నీ గోరీ తవ్వి లాగుతాను నిన్ను. తాత్కాలిక క్లిప్పు ఇవ్వు మెరీమ్."

"ఇదిగో, ఇదిగో."

"గుడ్డిగా వేస్తున్నా... దొరికింది. పెద్ద నాళం దొరికింది. పట్టింది."

"ఆగింది అక్కా. ఆగింది."

"ఊపిరి పీల్చుకో. బాబాయ్, రక్తం ఎక్కించండి."

"ఎక్కుతోంది. పెద్ద నాళం ఎక్కువసేపు బిగించి ఉంచలేవు, మెదడుకి అందట్లేదు."

"తెలుసు. పొట్టి క్లిప్పు, తిన్నగా ఉన్నది. ఈసారి కొమ్మని వదిలి బుడగ ఒక్కదాన్నే... పడింది. తాత్కాలికం తీసేస్తున్నా. కారట్లేదు. డై."

"ఇచ్చాను. లైట్లు తియ్యి మెరీమ్."

"తీశాను బాబాయ్."

"బుడగ చీకటి. కింది కొమ్మ భేషుగ్గా ఉంది. పై కొమ్మ... వెలిగింది, వెలిగింది తల్లీ."

"వెంట్రుకంత వెలిగింది."

"వెంట్రుకైనా వెలుగే. మూసెయ్."

"చాలదు. క్లిప్పు కొంచెం వెనక్కి జరుపుతాను. మళ్ళీ డై ఇవ్వండి."

"మళ్ళీ జరిపితే మళ్ళీ పగలొచ్చు."

"పగిలితే మళ్ళీ పడతాను. వీడి మాట పోవడానికి వీల్లేదు."

"సరే, జరుపు. కానీ డై ఇప్పుడే కుదరదు. ముందు ఇచ్చింది కొట్టుకుపోవాలి, లేకపోతే పాత వెలుగుని చూసి కొత్తదని మోసపోతాం. కాస్త ఆగు."

"ఆగుతాను."

"ఒకటి చెప్పనా? నీ స్థానంలో నేనుంటే వదిలేసేవాణ్ణి. సిగ్గు లేకుండా చెప్తున్నాను. నా చెల్లెలి మీద చెయ్యి వేసినవాడి నాలుకని కాపాడటానికి నేను చెమటోడ్చను."

"మీరు మాట్లాడకండి బాబాయ్. సెకన్ల లెక్క తప్పుతుంది."

"దేవుడు నిన్ను ఏ మట్టితో చేశాడో గానీ..."

"డై."

"ఇస్తున్నా."

"లైట్లు తీశాను అక్కా."

"వస్తోంది... వచ్చింది. పై కొమ్మ నిండుగా వెలిగింది. కొస దాకా. చూడు, ఆ చిన్న చిన్న పాయలు కూడా."

"చూస్తున్నాను."

"పాలు పొంగినట్టుంది. మెరీమ్, ఏడుస్తున్నావా?"

"లేదు బాబాయ్. కంట్లో రక్తం పడింది."

పుర్రె ఎముక తిరిగి బిగించి, తోలు కుట్టి, తలకి కట్టు కట్టారు. మత్తు యంత్రం మీద కాదిర్ చెయ్యి వేసి ఉంచాడు, ఎందుకంటే చోల్పొన్ బల్ల దగ్గర నుంచి కదలలేదు.

"ఇలాగే ఐసీయూకి తోసేద్దాం. రేపు తీరిగ్గా లేపుకోవచ్చు."

"ఇక్కడే లేపండి."

"ఇంత రక్తం పోయాక తొందరేంటి?"

"మాట వచ్చిందో లేదో చూడాలి. మాట పోయి ఉంటే మళ్ళీ తెరుస్తాను."

"పట్టు పడితే వదలవు కదా. సరే, మత్తు దించుతున్నా... ఊపిరి తనంతట తాను తీస్తున్నాడు. గొంతులో గొట్టం తీస్తున్నా. దగ్గు, దగ్గు, దగ్గు నాయనా. ఆ, అంతే."

"కళ్ళు తెరువు. కళ్ళు తెరవమంటే తెరువు. నీ పేరు చెప్పు."

"..."

"పేరు."

"కు... కు..."

"చెప్పు."

"కుబాత్."

"ఇంకోసారి."

"కుబాత్."

"మెరీమ్ చేతిలో ఉన్నదేంటి?"

"గడి... గడియారం."

"కుడి చెయ్యి ఎత్తు."

"ఎత్తాడు అక్కా, చక్కగా ఎత్తాడు."

"మాట నిలిచింది తల్లీ. నీ చెయ్యి ఇటు ఇవ్వు, కళ్ళకద్దుకుంటాను. పగవాడికి నోరు తిరిగిచ్చావు, ఇంకొకరి వల్ల కాదు."

"ఊరికే ఇవ్వలేదు బాబాయ్."

"అదేంటి, మాస్కు తీస్తున్నావెందుకు?"

"నా వంక చూడు. నేనెవర్ని?"

"..."

"ఎవర్ని?"

"మా ఇంటి... కోడలు."

"ఏ కోడల్ని?"

"పారిపోయిన... కోడలివి."

"బెగిమాయ్ ఎక్కడ?"

"చోల్పొన్, వద్దు. మత్తు ఇంకా దిగలేదు వీడికి. ఇది తప్పు తల్లీ."

"కోర్టులో మత్తు లేదు కదా బాబాయ్, అప్పుడేం చెప్పాడు? మళ్ళీ ఏ నరమో పగిలి వీడి నోరు పడిపోయేలోగా అడగనివ్వండి. ఒరేయ్, ఆ నోరు ఇవాళ నేనిచ్చింది. నీ పెళ్ళాం మీద అరవడానికి ఇవ్వలేదు. నా చెల్లెల్ని ఎక్కడ పూడ్చావు?"

"కొట్టాను."

"కొట్టావని తెలుసు."

"బాగా... కొట్టాను. పారిపోయింది. మీ ఇంటికి."

"మా ఇంటికి రాలేదు."

"వచ్చింది. పొద్దున్నే... లాక్కొద్దామని వెళ్ళాను. గుమ్మంలో ఉంది. బిగుసుకుపోయి. గోళ్ళు... తలుపు మీద."

"అబద్ధం."

"మీ నాన్న... గడియ తీయలేదట. నేల గడ్డ కట్టి... పార దిగలేదు. మీ గొర్రెల దొడ్డిలో... పెంట కింద... అక్కడే మెత్తగా ఉంది. మీ నాన్నా నేనూ... ఇద్దరం తవ్వాం."

"అబద్ధం చెప్తున్నావు."

"ఖురాన్ మీద... ఒట్టు వేయించాడు. నీ పాపం నువ్వు దాచుకో... నాది నేను దాచుకుంటాను... అన్నాడు."

"మత్తు మాటలు తల్లీ ఇవి. గొట్టం తీయగానే ఏదేదో వాగుతారు, ఎంతమందిని చూడలేదు నేను. తల కోసిన మనిషి మాట ఎవరైనా నమ్ముతారా? రా, ఇలా కూర్చో. మెరీమ్, మంచినీళ్ళు తే. నమ్మకమ్మా. వీడి మాట నమ్మకు."

"అమ్మ కోటన్నా విప్పకముందే పిండి కలపమన్నాడు బాబాయ్, మా నాన్న."